కేంద్రకపూర్వ కణ నిర్మాణం: పడమటి మండలాల పొలాల నుండి కొన్ని పాఠాలు

ముందురోజు వరకు ఏపుగా ఉన్న టమాట మొక్క మధ్యాహ్నపు ఎండకు ఆకులు వాల్చి, సాయంత్రానికి తేరుకొన్నట్లు కనిపించి, నాలుగైదు రోజులలో ఆకులు పచ్చగా ఉండగానే ఎండిపోవడం మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల విస్తరణ సిబ్బందికి పరిచితమైన లక్షణమే. అటువంటి మొక్క కాండాన్ని మొదలు వద్ద కోసి, ఆ ముక్కను గాజు గ్లాసులోని తేట నీటిలో కదలకుండా వేలాడదీస్తే, కొద్ది నిమిషాలలో కోసిన చోటు నుండి పాలవంటి తెల్లని దారం కిందికి జారుతుంది. ఫ్యుజేరియం శిలీంధ్రం వలన వచ్చే ఎండు తెగులులో ఈ దారం కనిపించదు. జిగురులో చిక్కుకొన్న కోట్లాది బాక్టీరియా కణాలే ఆ దారం. 1896లో అమెరికా శాస్త్రవేత్త ఎర్విన్ స్మిత్ వర్ణించిన ఈ జీవి బాసిల్లస్‌, సూడోమోనాస్‌, బర్క్‌హోల్డేరియా అనే ప్రజాతులను దాటి 1995 నుండి రాల్‌స్టోనియా సొలనేసియారం అనే పేరుతో స్థిరపడింది. ఆసియా, ఆఫ్రికా రకాలను 2014లో రాల్‌స్టోనియా సూడోసొలనేసియారం అనే ప్రత్యేక జాతిగా విడదీశారు. ఈ వ్యాసంలో సౌలభ్యం కొరకు రాల్‌స్టోనియా అని మాత్రమే వ్యవహరిస్తాను.

కేంద్రకపూర్వ కణ నిర్మాణాన్ని విద్యార్థులు సాధారణంగా ఒక పటం గీసి, భాగాలు గుర్తించి, పరీక్ష రాసి మరచిపోతారు. ఆ పటంలోని ప్రతి గీతకూ పొలంలో ఒక పర్యవసానం ఉంది. ఒక మందును సిఫారసు చేసే ముందు అది కణంలోని ఏ భాగం మీద పనిచేస్తుంది, ఆ భాగం ఈ జీవిలో ఉన్నదా, మందు అక్కడికి చేరగలదా అనే మూడు ప్రశ్నలు వేసుకొన్నవారు రైతు చేత అనవసరపు ఖర్చు చేయించరు. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున, ఎర్ర నేలలలో, సంవత్సరం పొడవునా ఏదో ఒక దశలో టమాట ఉండే ఈ పడమటి మండలాలలో ఆ ఖర్చు తక్కువేమీ కాదు.

పరిమాణం, వేగం

రాల్‌స్టోనియా కణం పొడవు ఒకటిన్నర నుండి రెండు మైక్రోమీటర్లు, వెడల్పు అర మైక్రోమీటరు పైచిలుకు. టమాట మొక్క మృదుకణజాలంలోని కణం దానికి ఎన్నో రెట్లు పెద్దది. ఒక మైక్రోమీటరు వ్యాసం గల గోళంలో ఘనపరిమాణానికి ఉపరితల వైశాల్యం నిష్పత్తి 6 అయితే, 50 మైక్రోమీటర్ల గోళంలో అది 0.12 మాత్రమే. అంటే చిన్న కణానికి తన పరిమాణంతో పోలిస్తే 50 రెట్లు ఎక్కువ ఉపరితలం లభిస్తుంది. పోషకాలు వ్యాపనం ద్వారానే కణమంతటికీ చేరుతాయి. అంతర్జీవద్రవ్యజాలం, గాల్జీ సంక్లిష్టం వంటి లోపలి రవాణా ఏర్పాట్ల అవసరం దానికి లేదు.

వేగవంతమైన విభజన ఈ సరళత్వం నుండే వచ్చింది. కేంద్రకత్వచం లేనందున డి.ఎన్‌.ఎ. నుండి ఆర్‌.ఎన్‌.ఎ. తయారవుతుండగానే, ఆ ఆర్‌.ఎన్‌.ఎ. మీదికి రైబోసోములు చేరి ప్రోటీను తయారీని మొదలుపెడతాయి. నిజకేంద్రక కణంలో ఈ రెండు పనులు వేరువేరు గదులలో, ఒకదాని తరువాత మరొకటి జరుగుతాయి. అనుకూల పరిస్థితులలో ఎషరికియా కోలై 20 నిమిషాలకొకసారి ద్విధావిచ్ఛిత్తి చెందుతుంది. అదే వేగం కొనసాగితే పది గంటలలో 30 విభజనలు జరిగి, ఒక కణం నుండి 107 కోట్ల కణాలు పుడతాయి. రాల్‌స్టోనియా ఇంత వేగంగా పెరగదు. అయినా ఉదయం పొలం చూసినప్పుడు లేని లక్షణం రెండు రోజులకే ఎందుకు కనిపిస్తుందో ఈ లెక్క చెబుతుంది.

న్యూక్లియాయిడ్‌, ప్లాస్మిడ్‌లు

కేంద్రకం లేదనడం, జన్యుపదార్థం చిందరవందరగా పడి ఉంటుందనడం ఒకటి కాదు. ఫ్రెంచి గయానాలో టమాట నుండి సేకరించిన జి.ఎం.ఐ.1000 అనే రాల్‌స్టోనియా విభేదం జన్యుపటం 2002లో వెలువడింది. దానిలో సుమారు 37 లక్షల క్షారజంటలు గల క్రోమోజోము, 21 లక్షల క్షారజంటలు గల మహాప్లాస్మిడ్‌ ఉన్నాయి. ఒక్కొక్క క్షారజంటకు 0.34 నానోమీటర్ల వంతున మొత్తం 58 లక్షల జంటలను సాగదీస్తే పొడవు రెండు మిల్లీమీటర్లు. రెండు మైక్రోమీటర్ల కణంలో, దానికి వేయి రెట్లు పొడవైన దారం మెలికల మీద మెలికలు పడి, ప్రోటీనుల సాయంతో ఇమిడి ఉంటుంది. పైగా అవసరమైన చోట క్షణాలలో విప్పుకొంటుంది.

ప్లాస్మిడ్‌లను పాఠ్యపుస్తకాలు ‘అదనపు’ డి.ఎన్‌.ఎ. వలయాలుగా పేర్కొంటాయి. రాల్‌స్టోనియా విషయంలో ఆ మాట తప్పుదారి పట్టిస్తుంది. మొక్క కణంలోకి ప్రోటీనులను ఎక్కించే సూది వంటి మూడవ రకం స్రావ వ్యవస్థ జన్యువులు ఆ మహాప్లాస్మిడ్‌ మీదనే ఉన్నాయి. ఆ సూది ద్వారా ఈ విభేదం 70కి పైగా ప్రోటీనులను మొక్క కణంలోకి చొప్పించి, దాని రక్షణ స్పందనలను అణచివేయగలదు. అంతేగాక ఈ బాక్టీరియా పరిసరాలలోని డి.ఎన్‌.ఎ. ముక్కలను సహజంగానే స్వీకరించగలదు. నిరోధక రకమని ఒక ప్రాంతంలో పేరు పొందిన వంగడం మరొక ప్రాంతంలో ఎండిపోవడానికి గల కారణాలలో ఈ జన్యువైవిధ్యం ముఖ్యమైనది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఆకుముడత వైరస్‌ను, బాక్టీరియా ఎండు తెగులును, ఆకుమాడు తెగులును తట్టుకొనేలా రూపొందించిన అర్క రక్షక్‌ వంటి సంకరరకాన్ని సిఫారసు చేసేటప్పుడు కూడా ముందు ఆ గ్రామపు నేలలో కొద్ది విస్తీర్ణంలో పరీక్షించి చూడమనడం అందుకే.

కవచం: ఒక్కొక్క జీవికి ఒక్కొక్క గోడ

1884లో డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్‌ గ్రామ్‌ కనుగొన్న వర్ణక పద్ధతి నిజానికి కణకవచ నిర్మాణాన్ని చూపే పరీక్ష. గ్రామ్‌ పాజిటివ్‌ కణాలలో పెప్టిడోగ్లైకాన్‌ పొర 20 నుండి 80 నానోమీటర్ల మందంగా ఉంటుంది. గ్రామ్‌ నెగటివ్‌ కణాలలో అది కొద్ది నానోమీటర్లే అయినా, దాని వెలుపల లిపోపాలిశాకరైడ్‌లు గల బాహ్యత్వచం మరొకటి ఉంటుంది. రాల్‌స్టోనియా, టమాట ఆకుమచ్చకు కారణమైన జాంథోమోనాస్‌, వేరుశనగ బుడిపెలలోని బ్రాడీరైజోబియం మూడూ ఈ రెండవ తరగతివే. బాహ్యత్వచంలోని పోరిన్‌ రంధ్రాల గుండా చిన్న అణువులు మాత్రమే ప్రవేశించగలవు కనుక, పెద్ద అణువులుగా ఉండే అనేక మందులు గడప వద్దనే ఆగిపోతాయి.

వర్ణకాలు, మంచి సూక్ష్మదర్శిని లేని చోట కూడా ఈ తేడా తెలుసుకోవచ్చు. గాజు పలక మీద మూడు శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌ ద్రావణం చుక్క వేసి, బాక్టీరియా సముదాయాన్ని పుల్లతో అందులో కలిపి పైకి ఎత్తితే, గ్రామ్‌ నెగటివ్‌ అయితే జిగట దారం సాగుతుంది. పలుచని కవచం క్షారానికి చెదిరి, లోపలి డి.ఎన్‌.ఎ. బయటపడడమే దీనికి కారణం. గ్రామ్‌ పాజిటివ్‌ కణాలలో దారం సాగదు. బి.ఎస్‌సి. విద్యార్థులకు వర్ణక పద్ధతి కంటే ముందు ఈ పరీక్షను చూపిస్తే, గోడ అంటే ఏమిటో కంటికి కట్టినట్లు తెలుస్తుంది.

ఈ రెండు మూసలలోనూ ఇమడని గోడకు ఉదాహరణ మదనపల్లె చెంతనే ఉంది. 1915 నుండి ఆరోగ్యవరంలోని క్షయ చికిత్సాలయం ఎదుర్కొన్న మైకోబాక్టీరియం కణకవచంలో మైకోలిక్‌ ఆమ్లాలనే మైనపు పదార్థాలు సమృద్ధిగా ఉంటాయి. గ్రామ్‌ వర్ణకం దానికి సరిగా అంటదు. ఎండడాన్నీ, అనేక క్రిమిసంహారకాలనూ అది ఇతర బాక్టీరియా కంటే ఎక్కువగా ఓర్చుకొంటుంది. 1943లో అమెరికాలో వాక్స్‌మన్‌ ప్రయోగశాలలో ఆల్బర్ట్‌ షాట్జ్‌ వేరుచేసిన స్ట్రెప్టోమైసిన్‌ ఆ గోడను దాటి పనిచేసిన తొలి ఔషధం. దానిని తయారుచేసే స్ట్రెప్టోమైసిస్‌ కూడా నేలలో నివసించే కేంద్రకపూర్వ జీవే. తొలకరి చినుకులకు ఎర్రమట్టి నుండి లేచే కమ్మని వాసన చాలావరకు ఈ ప్రజాతి విడుదల చేసే జియోస్మిన్‌ వలన వస్తుంది.

అసలు గోడయే లేని జీవులూ ఉన్నాయి. వంగలో వెర్రి తెగులుకు కారణమైన ఫైటోప్లాస్మాకు కణకవచం లేదు. కనుక కణకవచ నిర్మాణాన్ని అడ్డుకొనే పెన్సిలిన్‌ దాని మీద పనిచేయదు. రైబోసోముల మీద పనిచేసే టెట్రాసైక్లిన్‌ లక్షణాలను కొంతకాలం తగ్గిస్తుంది, కాని మందు ఆపగానే తెగులు తిరగబెడుతుంది. టెట్రాసైక్లిన్‌ వర్గంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ 1948లో వెలువడినది మన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధన విభాగాధిపతిగా ఉన్న లెడర్లీ ప్రయోగశాలల నుండే. ఆ గౌరవం అలా ఉండగా, వంగతోటలో చేయవలసిన పని వెర్రిమొక్కలను పెరికి నాశనం చేయడం, దీపపు పురుగులను అదుపుచేయడమే.

రైబోసోములు, స్ట్రెప్టోమైసిన్‌ సమస్య

కేంద్రకపూర్వ కణంలోని రైబోసోములు 70 ఎస్‌ రకానివి. వాటిలో 50 ఎస్‌, 30 ఎస్‌ అనే రెండు ఉపప్రమాణాలు ఉంటాయి. యాభైకి ముప్పై కలిపితే ఎనభై కదా అని ప్రతి సంవత్సరం ఎవరో ఒక విద్యార్థి అడుగుతాడు. మంచి ప్రశ్నే. ఎస్‌ అనేది బరువు కాదు, అపకేంద్ర యంత్రంలో కణం అడుగుకు దిగే వేగానికి కొలమానం. ఆ వేగం ఆకారం మీద కూడా ఆధారపడుతుంది కనుక కూడికకు లొంగదు. స్ట్రెప్టోమైసిన్‌ 30 ఎస్‌ ఉపప్రమాణానికి అతుక్కొని, సంకేతాన్ని తప్పుగా చదివిస్తుంది. మొక్క కణద్రవ్యంలోని రైబోసోములు 80 ఎస్‌ రకానివి కనుక మొక్కకు హాని లేదని సాధారణంగా చెబుతారు. ఇది సగం నిజం. హరితరేణువులలోనూ, మైటోకాండ్రియాలలోనూ ఉన్నవి బాక్టీరియా తరహా రైబోసోములే. ఒకప్పటి స్వేచ్ఛాజీవులైన బాక్టీరియాల నుండి ఇవి పుట్టాయన్న వాదాన్ని 1967లో లిన్‌ మార్గులిస్‌ బలంగా ముందుకు తెచ్చారు. మోతాదు మించి స్ట్రెప్టోమైసిన్‌ పిచికారీ చేసిన చోట లేత ఆకులు పాలిపోవడం ఈ బంధుత్వపు ఫలితమే.

ఎండు తెగులు సోకిన టమాటకు స్ట్రెప్టోమైసిన్‌ కలిపిన నీటిని మొదళ్లలో పోసే అలవాటు ఈ ప్రాంతంలో ఇంకా ఉంది. పైన చెప్పిన మూడు ప్రశ్నలలో మొదటి రెండింటికీ ఈ మందు నెగ్గుతుంది, మూడవ దాని వద్ద ఓడుతుంది. ధనావేశం గల ఈ అణువును ఋణావేశం గల బంకమట్టి రేణువులు పట్టుకొంటాయి. వేరును చేరిన కొద్ది భాగం దారువులోని జిగురును దాటాలి. ఆ తరువాత బాక్టీరియా కణంలోకి ప్రవేశించడానికి ఆ కణపు శ్వాసక్రియ నుండి వచ్చే శక్తే అవసరం. ఆక్సిజన్‌ తక్కువగా ఉండే దారునాళంలో, నెమ్మదిగా పెరిగే కణాలలోకి అది సరిగా చేరదు.

నష్టం అక్కడితో ఆగదు. నేలలో పోసిన మందు లక్ష్యాన్ని చేరకపోయినా, తట్టుకొనే కణాలను మాత్రం ఎంపిక చేస్తూ ఉంటుంది. స్ట్రెప్టోమైసిన్‌ను నిర్వీర్యం చేసే జన్యువుల జంట ఒకటి మొక్కల వ్యాధికారకాలలోనూ, మానవ వ్యాధికారకాలలోనూ ప్లాస్మిడ్‌ల మీద కనిపించింది. క్షయ బాక్టీరియాలో నిరోధకత ప్రధానంగా క్రోమోజోములోని ఉత్పరివర్తనాల వలన వస్తుంది కనుక, టమాట తోట నుండి నేరుగా క్షయకు ఈ జన్యువులు పాకుతాయని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. కాని పశువుల పేడ, ఎరువు, కాలువ నీరు, మనిషి పేగులు అన్నీ కలిసే గ్రామంలో ప్లాస్మిడ్‌కు సరిహద్దులు లేవు. 2021 డిసెంబరులో కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ వ్యవసాయంలో స్ట్రెప్టోమైసిన్‌, టెట్రాసైక్లిన్‌ల నిషేధానికి ముసాయిదా ఉత్తర్వు వెలువరించడానికి నేపథ్యం ఇదే. నా అభిప్రాయంలో, నేలలో పోసే స్ట్రెప్టోమైసిన్‌ను ఏ విస్తరణ అధికారీ నోటిమాటగానైనా సూచించరాదు. కాపర్‌ ఆక్సీక్లోరైడ్‌ ఆకు ఉపరితలం మీద ఉండే జాంథోమోనాస్‌ విషయంలో స్పర్శ మందుగా పనికివస్తుంది. కాండంలోపల స్థిరపడిన రాల్‌స్టోనియాకు అదీ చేరదు.

గుళిక, కశాభాలు

గోడ వెలుపలి భాగాలను పాఠాలలో చివరి రెండు వాక్యాలకు నెట్టివేస్తాము. మొక్కను చంపేది మాత్రం ఎక్కువగా ఆ భాగాలే. ధ్రువం వద్దనున్న కశాభాల సాయంతో రాల్‌స్టోనియా నేల నీటిలో ఈదుతూ వేరు స్రావాల వైపు సాగుతుంది. నిజకేంద్రక కణపు కశాభం కొరడాలా కదిలితే, బాక్టీరియా కశాభం ప్రోటాన్ల ప్రవాహంతో తిరిగే మోటారు మీద మరవలె గుండ్రంగా తిరుగుతుంది. ఈదడానికి నీరు కావాలి. అందుకే తెగులు సోకిన మడి నుండి నీరు పక్క మడిలోకి పారినప్పుడు వరుస వెంబడి మొక్కలు ఎండుతాయి. పార్శ్వవేరు పుట్టిన చోట ఏర్పడే పగుళ్లు, వేరుబుడిపె నులిపురుగులు చేసిన గాయాలు దానికి ప్రవేశద్వారాలు.

దారువులోకి చేరిన తరువాత కణాలు పరస్పరం రసాయన సంకేతాలు పంపుకొంటాయి. మిల్లీలీటరుకు సుమారు కోటి కణాలు చేరేసరికి, సంకేత గాఢత పెరిగి, బహిఃకణ పాలిశాకరైడ్‌ అనే జిగురును పెద్ద మొత్తంలో తయారుచేసే జన్యువులు మేల్కొంటాయి. నాళాలు పూడిపోయి, నేలలో తేమ ఉండగానే మొక్క దాహంతో వాడిపోతుంది. ఆ స్థితిలో నీరు ఇంకా పెట్టడం రైతు చేసే సహజమైన పని, బాక్టీరియాకు అత్యంత అనుకూలమైన పని కూడా.

కణం లోపలికి మందు చేరని చోట, కణాన్ని వేరు దరికి చేరనీయకపోవడమే మార్గం. తెగులు సోకని నారు, ఉస్తి వంటి నిరోధక వేరుమూలం మీద అంటుకట్టిన మొక్కలు, మడి నుండి మడికి నీరు పారని బిందుసేద్యం, టమాట-వంగ-మిరప-బంగాళదుంప వరుసను విడిచి రాగి లేదా మొక్కజొన్నతో పంటమార్పిడి ఇందులో భాగాలు. పంటమార్పిడికి వేరుశనగను ఎంచుకొనేవారు ఒక విషయం గమనించాలి. చైనా, ఇండోనేషియాలలో ఈ బాక్టీరియా వేరుశనగను కూడా ఎండబెడుతుంది. ధాన్యపు పంట సురక్షితమైన ఎంపిక.

మేలుచేసే కణాలు, అదే నిర్మాణం

వేరుశనగ వేరులోకి బ్రాడీరైజోబియం ప్రవేశించేది కూడా పార్శ్వవేరు మొలిచే పగులు నుండే. రాల్‌స్టోనియాకు పనికివచ్చిన ద్వారమే దీనికీ పనికివస్తుంది. ఇది సిద్ధబీజాలను ఏర్పరచదు, గోడ పలుచన. కనుక రైజోబియం పొట్లం ఎండలో ఉంచిన ద్విచక్రవాహనం సంచిలో ఒక మధ్యాహ్నం గడిపితే అందులో బతికిన కణాలు ఎన్నో చెప్పలేము. విత్తనశుద్ధిలో శిలీంధ్రనాశిని ముందు, రైజోబియం చివర, నీడలో ఆరబెట్టి వెంటనే విత్తడం అనే క్రమం ఈ నిర్మాణం వలన ఏర్పడినదే.

బాసిల్లస్‌ కథ వేరు. కాల్షియం, డైపికొలినిక్‌ ఆమ్లం నిండిన దాని అంతస్సిద్ధబీజం మరుగుతున్న నీటిని సైతం కొంతసేపు తట్టుకొంటుంది. పొడిరూపంలో ఎక్కువకాలం నిలువ ఉండే జీవసంబంధ మందులలో బాసిల్లస్‌ ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. కుప్పం, పుంగనూరు పరిసరాలలో మాత్రం ఇందులో ఒక ప్రమాదం ఉంది. బాసిల్లస్‌ తురింజియెన్సిస్‌ సిద్ధబీజంతోపాటు విషప్రోటీను స్ఫటికాన్ని కూడా ఏర్పరుస్తుంది. దీనిని 1901లో జపానులో ఇషివాతా తొలుత గుర్తించినది పట్టుపురుగులలోనే. టమాట కాయతొలుచు పురుగు మీద దీనిని పిచికారీ చేసినప్పుడు తుంపర పక్కనున్న మల్బరీ తోట మీద పడితే, ఆ ఆకు తిన్న పట్టుపురుగులు చనిపోతాయి. పట్టుపురుగూ కాయతొలుచు పురుగూ ఒకే క్రమానికి చెందిన కీటకాలు, స్ఫటికం రెండింటినీ వేరుచేసి చూడదు. పట్టు పెంపకపు గదులను రెండు శాతం బ్లీచింగ్‌ పొడి, 0.3 శాతం సున్నం కలిపిన ద్రావణంతో శుద్ధి చేయమనడంలో సిద్ధబీజాన్ని దృష్టిలో ఉంచుకొన్న కాఠిన్యం ఉంది.

పుంగనూరు ఆవు ప్రథమ ఆమాశయంలో మిల్లీలీటరుకు వేల కోట్ల సంఖ్యలో ఉండే సూక్ష్మజీవులలో ఎండుగడ్డిని జీర్ణం చేసే బాక్టీరియాతో పాటు మీథేన్‌ను విడుదల చేసే ఆర్కియాలు కూడా ఉంటాయి. రెండింటికీ కేంద్రకం లేదు. ఆర్కియాల కవచంలో మాత్రం పెప్టిడోగ్లైకాన్‌ ఉండదు, త్వచంలోని లిపిడ్ల బంధాలూ వేరు. 1962లో స్టానియర్‌, వాన్‌ నీల్‌ కేంద్రకం లేకపోవడమే ప్రమాణంగా ఈ వర్గాన్ని స్థిరపరచగా, 1977లో వోస్‌, ఫాక్స్‌ రైబోసోము ఆర్‌.ఎన్‌.ఎ. ఆధారంగా దానిని రెండుగా చీల్చారు. అందువలన ‘కేంద్రకపూర్వ’ అనేది నిర్మాణాన్ని తెలిపే పదంగా ఉపయోగపడుతుందే గాని, ఒకే వంశాన్ని సూచించదు.

ప్రయోగశాల తరగతికి ఒక సూచన

మీసోజోమును పటంలో గీయించడం ఇకనైనా మానవచ్చు. ఎలక్ట్రాన్‌ సూక్ష్మదర్శిని కొరకు కణాలను రసాయనాలతో స్థిరపరచేటప్పుడు త్వచం ముడుచుకొని ఏర్పడే కృత్రిమ రూపమే అదని 1970ల నాటికే తెలిసింది. శ్వాసక్రియ ప్లాస్మాత్వచం మీదనే జరుగుతుంది.

ఆ సమయాన్ని పొలం నుండి తెచ్చిన ఒక టమాట కాండానికి కేటాయించడం మేలు. తేట నీటిలో తెల్లని దారం, ఆ దారం నుండి పెంచిన సముదాయంతో పొటాషియం హైడ్రాక్సైడ్‌ పరీక్ష, తరువాత 1954లో కెల్మన్‌ రూపొందించిన టెట్రజోలియం యానకం. అందులో తెగులు కలిగించే కణాలు జిగురుతో నిండిన తెల్లని, మధ్యలో గులాబీ రంగు గల పల్చని సముదాయాలుగానూ, ఆ శక్తిని కోల్పోయినవి చిన్నగా, ముదురు ఎరుపుగానూ కనిపిస్తాయి. యానకం నుండి యానకానికి పదేపదే మారుస్తుంటే జిగురు చేసే శక్తి పోయి ఎరుపువి పెరిగిపోతాయి. అందువలన ఈ బాక్టీరియాను యానకం మీద కాక, పరిశుభ్రమైన స్వేదనజలంలో, గది ఉష్ణోగ్రత వద్ద నిలువచేస్తారు. పోషకమేమీ లేని ఆ నీటిలో అది సంవత్సరాల తరబడి తెగులు కలిగించే శక్తితోనే ఉంటుంది. తెగులు సోకిన తోట నీరు చేరే కుంట నుండి కొత్త నారుమడికి నీరు తోడే ముందు ఈ సంగతి రైతుకు చెప్పవలసి ఉంది.